ఓటమిని చదువుకున్న సేనాని



1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. రెండో ప్రపంచయుద్ధం తెలుగు నేలను నేరుగా తాకిన రోజు అది. అంతకు నెల్లాళ్ల కిందటే, మార్చి 8న, రంగూన్ జపాన్ వశమైంది. బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డు శత్రువు చేతికి పోయిందన్న మాట మన కోస్తా ఊళ్లలో ఎంత భయం పుట్టించిందో ఈనాడు ఊహించడం కష్టం. ఎందుకంటే ఆ ఒడ్డు మనవాళ్లకు పరాయిది కాదు. మన రేవుల్లో ఓడెక్కి రంగూన్ వెళ్లి, అక్కడ హార్బరులో మూటలు మోసి, రైసుమిల్లుల్లో పనిచేసి, సంపాదించినది ఇంటికి పంపుకున్న తెలుగువాళ్లు వేలకు వేలు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే ఉండేవారు.

ఆ నగరం పడిపోవడంతో బర్మాలోని భారతీయులు లక్షల సంఖ్యలో ఇంటిదారి పట్టారు. అదృష్టం ఉన్నవాళ్లకు ఓడ దొరికింది. దొరకనివాళ్లు పిల్లల్ని చంకనేసుకుని నడిచారు. కొందరు అరకాన్ కొండలు దాటి చిట్టగాంగ్ వైపు, ఇంకొందరు చింద్విన్ నది దాటి మణిపూర్ వైపు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. వేలమంది ఇల్లు చేరలేదు.

ఆ చింద్విన్ దారినే, ఆ వేసవి చివరి వానల్లోనే, ఒక సైన్యం కూడా వెనక్కి నడిచింది. ఓడిపోయిన సైన్యం. దాన్ని నడిపించిన యాభై ఏళ్ల సేనాని పేరు విలియం స్లిమ్. మూడేళ్ల తర్వాత అదే మనిషి అదే బర్మాలోకి తిరిగి వెళ్లి జపాన్ సైన్యాన్ని ఓడించాడు. ప్రపంచ చరిత్రలో గొప్ప సేనానుల పేర్లు చెప్పమంటే మనం అలెగ్జాండర్, నెపోలియన్ అంటాం. స్లిమ్ పేరు చాలామంది విని ఉండరు. కానీ ఆయన సైన్యంలో అత్యధికులు భారతీయులు. ఆయన గెలిచిన అతిపెద్ద యుద్ధం మన మణిపూర్‌లో, నాగాలాండ్‌లో జరిగింది. అందుకే ఈ రోజు ఆయన గురించి మాట్లాడాలనుకున్నాను. గెలిచినందుకు కాదు, ఓడిపోయాక ఆయన చేసిన పనికి నేను ఆయన్ని గొప్పవాడంటాను.

ఆయన పుట్టింది 1891లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో. తండ్రి ఇనుప సామాన్ల వ్యాపారి. కుటుంబం తర్వాత బర్మింగ్‌హామ్‌కు మారింది. ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో అధికారి కావాలంటే డబ్బున్న ఇంట పుట్టాలి. స్లిమ్‌కు ఆ యోగం లేదు. కొన్నాళ్లు బీద పిల్లల బడిలో పాఠాలు చెప్పాడు, కొన్నాళ్లు గొట్టాల కంపెనీలో గుమాస్తాగా చేశాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రాకపోతే అక్కడే ఉండిపోయేవాడేమో. గల్లిపోలిలో తూటా దెబ్బ తిన్నాడు, మెసపొటేమియాలో మళ్లీ తిన్నాడు. యుద్ధం అయ్యాక భారత సైన్యానికి మారి గూర్ఖా పటాలంలో చేరాడు. జీతం చాలక ఆంథోనీ మిల్స్ అన్న మారుపేరుతో పత్రికలకు కథలు రాశాడు. ఈ కథలు రాసే అలవాటు చిన్న విషయం కాదు. మనిషిని చూసి వాడి మనసులో ఏముందో పట్టుకోవడం, దాన్ని సూటిగా చెప్పడం ఆయనకు అక్కడ అబ్బి ఉండాలి.

1942 మార్చిలో స్లిమ్‌ను బర్మాకు పంపేసరికే పరిస్థితి చేయి దాటింది. ఫిబ్రవరి 23 తెల్లవారుజామున సిట్టాంగ్ నది మీది వంతెనను మన సైన్యమే పేల్చేయాల్సి వచ్చింది. అప్పటికి 17వ భారత డివిజన్‌లో ఎక్కువమంది ఇంకా అవతలి ఒడ్డునే ఉన్నారు. ఆయుధాలు వదిలేసి ఈదుకుంటూ వచ్చినవాళ్లు కొందరు, నీటిలో పోయినవాళ్లు కొందరు. ఆ సిట్టాంగ్ పోరులోనే శామ్ మానెక్‌షా అనే యువ కెప్టెన్ పొట్టలో తూటాలు దిగి చావు అంచుదాకా వెళ్లాడు. స్లిమ్ చేతికి వచ్చింది అలా చితికిపోయిన సైన్యం. విమానాల అండ లేదు, కొత్త బలగాలు వచ్చే రేవు లేదు. యెనాంజౌంగ్ చమురు బావుల్ని శత్రువుకు దక్కకుండా తమ చేతులతోనే తగలబెట్టి, దాదాపు 900 మైళ్లు వెనక్కి వచ్చి, మే నెలలో వానల మధ్య ఇంఫాల్ చేరారు. బ్రిటిష్ సైన్య చరిత్రలో అంత పొడవైన తిరోగమనం మరొకటి లేదు.

బట్టలు పీలికలై, ఎముకల గూళ్లలా వచ్చిన ఆ సిపాయిలకు ఇంఫాల్‌లో తలదాచుకునే చోటు కూడా సరిగా దొరకలేదు. వానలో చెట్ల కింద పడుకున్నారు. వాళ్లను వదిలి వెళ్లేటప్పుడు వాళ్లు స్లిమ్‌కు జేజేలు కొట్టారు. ఓడించి తీసుకొచ్చిన తనకు జేజేలా అని ఆయన మనసు కుంచించుకుపోయింది. ఈ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నాడు.

ఇక్కడ ఏ సేనాని అయినా చెప్పగలిగిన కారణాలు చాలా ఉన్నాయి. విమానాలు ఇవ్వలేదు, పైవాళ్లు ఆలస్యం చేశారు, సైనికులకు అడవి యుద్ధం తెలియదు. అన్నీ నిజాలే. స్లిమ్ వాటిని దాచలేదు. కానీ వాటితో ఆగలేదు. నేను ఎక్కడ తప్పు చేశాను, జపాన్‌వాడు ఎక్కడ సరిగ్గా చేశాడు అని కూర్చుని లెక్క తీశాడు. జపాన్ సైనికుడు రోడ్డును నమ్ముకోడు, అడవిలోంచి చుట్టుతిరిగి వెనక్కి వచ్చి రోడ్డుకు అడ్డంగా కూర్చుంటాడు. మన సైన్యం లారీలకు కట్టుబడి రోడ్డు మీదే ఉంటుంది. వెనకదారి మూసుకుపోయిందని తెలియగానే బెదిరిపోతుంది. అయితే ఆ రోడ్డు మీద బెంగను ముందు తీసేయాలి. శత్రువు మన వెనక చేరాడంటే చిక్కుకున్నది వాడే అనుకోండి, ఉన్నచోటే పాతుకుపోయి నిలబడండి, తిండీ తూటాలూ ఆకాశంలోంచి నేను పంపిస్తాను. ఆయన కొత్త యుద్ధతంత్రం సారాంశం ఇంతే. చెప్పడం తేలిక. ఆకాశంలోంచి పంపిస్తానన్న మాట నిలబెట్టుకోవడానికే ఆయనకు ఏడాదిన్నర పట్టింది.

1943 అక్టోబరులో తూర్పు సరిహద్దు సైన్యం ఆయన చేతికి వచ్చింది. కొద్ది రోజుల్లో దానికి 14వ సైన్యం అని పేరు పెట్టారు. అప్పటికి అరకాన్‌లో మరో దాడి విఫలమై ఉంది. జపాన్ సైనికుణ్ణి అడవిలో ఎవడూ ఓడించలేడన్న నమ్మకం సిపాయిల్లో పాకిపోయింది. ఆయన ముందు మూడు సమస్యలు: సరఫరా, ఆరోగ్యం, ధైర్యం. శ్రోతలు గమనించండి, ఈ మూడింటిలో తుపాకీ ఎక్కడా లేదు.

ఆరోగ్యం సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఆయన నాయకత్వం ఎలాంటిదో నాకు అక్కడే బాగా కనబడుతుంది. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కో సైనికుడికి, జబ్బుపడి పంపినవాళ్లు 120 మంది. ఏడాదికి మలేరియా కేసులు సైన్యం మొత్తం సంఖ్యలో 84 శాతం. దానికి తోడు రక్తవిరేచనాలు, తిండిలో సత్తువ లేక వచ్చే చర్మరోగాలు. ఆ లెక్కన పోతే జపాన్‌వాడు ఒక్క తూటా కాల్చకపోయినా సైన్యం కొన్ని నెలల్లో కరిగిపోతుంది. మలేరియా వచ్చినవాణ్ణి వందల మైళ్ల దూరం భారతదేశంలోని ఆస్పత్రికి పంపేవారు. వాడు మళ్లీ పటాలానికి చేరేసరికి నెలలు గడిచేవి. స్లిమ్ ఈ పద్ధతి మార్చాడు. యుద్ధరేఖకు కొద్ది మైళ్ల వెనకే గుడారాల్లో, వెదురు పాకల్లో మలేరియా చికిత్స కేంద్రాలు పెట్టించాడు. జ్వరం తగిలిన ఒకటి రెండు రోజుల్లోనే వైద్యం మొదలయ్యేది. మనిషి వారాల్లో తిరిగి వచ్చేవాడు. తీవ్రంగా గాయపడ్డవాళ్లను చిన్న విమానాల్లో తరలించారు.

ఇక మెపాక్రిన్ మాత్ర. రోజూ వేసుకుంటే మలేరియా లొంగుతుంది. కానీ అది వేసుకుంటే ఒళ్లు పచ్చబడుతుంది. పైగా మగతనం పోతుందన్న పుకారు సిపాయిల్లో వ్యాపించింది. మాత్రను నాలుక కింద పెట్టుకుని తర్వాత ఉమ్మేసేవాళ్లు. స్లిమ్ ఏం చేశాడు? సిపాయిలను శిక్షించలేదు. ఏ పటాలానికైనా హఠాత్తుగా వెళ్లి అందరికీ పరీక్ష చేయించేవాడు. మాత్ర వేసుకున్నట్టు తేలినవాళ్లు 95 శాతం కంటే తగ్గితే, ఆ పటాలం కమాండింగ్ ఆఫీసర్ ఉద్యోగం పోయినట్టే. ముగ్గురిని తీసేశాడు. నాలుగోవాణ్ణి తీయాల్సిన పని రాలేదు. పొద్దు గుంకకముందే చొక్కా చేతులు కిందికి దించాలి, నిక్కర్లు మానేసి పంట్లాలు తొడగాలి అన్న ఆజ్ఞలు కూడా ఇలాగే అమలయ్యాయి. 1945 నాటికి జబ్బుపడేవాళ్ల సంఖ్య రోజుకు వెయ్యికి ఒకరికి పడిపోయింది. సగం జబ్బుల నివారణ డాక్టర్ల చేతిలో కంటే అధికారుల చేతిలో ఉందని ఆయన గ్రహించాడు. తప్పు జరిగితే కిందివాడి మీద తోసేసే అలవాటు ఏ కొలువులోనైనా ఉంటుంది. ఈ సైన్యంలో ఆ దారి మూసేశాడు.

సరఫరాలో ఆయనకు కుడిభుజం ఆల్ఫ్ స్నెల్లింగ్ అనే మేజర్ జనరల్. ఇక్కడ ఒక కథ తప్పకుండా చెప్పాలి. విమానాల్లోంచి సరుకు జారవిడవాలంటే పారాచూట్లు కావాలి. పట్టు పారాచూట్లకు విపరీతమైన కొరత. బర్మా యుద్ధరంగం ఇంగ్లండు పెద్దల జాబితాలో అన్నిటికంటే చివరిది. మిగతావాళ్లకు ఇచ్చాక మిగిలితేనే దీనికి. అయితే కలకత్తా చుట్టూ జనపనార మిల్లులున్నాయి కదా అని స్లిమ్ ఆలోచించాడు. గోనెగుడ్డతో పారాచూట్ కుట్టలేమా? మిల్లుల పెద్దలతో నేరుగా మాట్లాడించాడు. నెల తిరగకముందే గోనె పారాచూట్లు తయారయ్యాయి. మనుషులు దూకడానికి పనికిరావు గాని బియ్యం, తూటాలు దించడానికి బాగానే పనిచేశాయి. పట్టు పారాచూట్ ఒక్కోటి 20 పౌండ్లకు పైనే పడుతుంటే, ఇది ఒక పౌండుకు కాస్త ఎక్కువ. దీనికి పైనుంచి వచ్చిన బహుమానం, సరైన దారిలో ఇండెంటు పెట్టనందుకు మందలింపు!

అరకాన్‌లో రోడ్డు వేద్దామంటే రాయి లేదు. దారి పొడవునా ఇటుక బట్టీలు పెట్టించి ఇటుకలు పరిచారు. ఇంకోచోట గోనెగుడ్డను తారులో ముంచి రోడ్డు మీద పరిచారు. చింద్విన్ ఒడ్డున కలేవా దగ్గర ఏనుగులు లాక్కొచ్చిన టేకు దుంగలతో వందల పడవలు కట్టారు. ఆ నది మీదే 1944 డిసెంబరులో 1,154 అడుగుల పొడవైన బెయిలీ వంతెన వేశారు. ఆనాటికి ప్రపంచంలో అలాంటి వంతెనల్లో అదే పొడవైనది. ఈ పనులన్నీ చేసింది భారతీయ సాపర్లు, పయనీర్లు, కూలీలు. మద్రాస్ సాపర్స్‌లో మన తెలుగువాళ్లూ ఉండేవారు. యుద్ధం మీద వచ్చిన సినిమాల్లో పార పట్టుకున్న మనిషి కనబడడు. స్లిమ్ కంటికి ఎప్పుడూ కనబడ్డాడు.

ధైర్యం సంగతి చూద్దాం. పటాలం పటాలానికీ తిరిగి, జీపు ముందు భాగం మీదెక్కి నిలబడి మాట్లాడేవాడు. గూర్ఖాలతో వాళ్ల భాషలో, మిగతా భారతీయ సిపాయిలతో హిందుస్తానీలో, ఇంగ్లీషువాళ్లతో ఇంగ్లీషులో. తిరిగి తిరిగి అలసిపోయి ఒకసారి గూర్ఖాలకు మొత్తం ఉర్దూలో ఉపన్యాసమిచ్చానని ఆయనే రాసుకున్నాడు. వాళ్లు భాషను క్షమించి మనిషిని అర్థం చేసుకున్నారనుకుంటాను. పెద్ద మాటలు చెప్పేవాడు కాదు. డిపోలో చొక్కాలు లెక్కపెట్టే గుమాస్తాకు, ఆ చొక్కా ఎక్కడికి వెళ్తుందో, అది అందకపోతే ముందున్నవాడికి ఏమవుతుందో విడమరిచి చెప్పేవాడు. ముందున్న దళాలకు సగం రేషన్ అయినప్పుడు తన ముఖ్య కార్యాలయంలోనూ సగం రేషనే పెట్టించాడు. సిపాయిలకు తిండి, పడక కుదిరాకే అధికారి తన తిండి, పడక చూసుకోవాలని యువ అధికారులకు నూరిపోశాడు.

ఓటమికి అలవాటుపడ్డ మనిషికి గెలుపు రుచి చూపించాలి. అందుకని మొదట చిన్న గస్తీ దళాలను పంపారు. వాళ్లు అడవిలో జపాన్ సైనికుల్ని వెంటాడి తిరిగి వచ్చి కథలు చెప్పారు. తర్వాత వందమంది శత్రువులున్న చోటికి అంతకు ఎన్నోరెట్లు బలగంతో వెళ్లారు. ఇంత చిన్నదానికి ఇంత బలగమా అని విమర్శించినవాళ్లున్నారు. అది కావాలనే చేశాడు. సిపాయి మనసులోంచి జపాన్‌వాడి భూతం దిగిపోవాలి, అందుకు ఎంత ఖర్చయినా పెట్టాలి.

పరీక్ష 1944 ఫిబ్రవరిలో వచ్చింది. అరకాన్‌లో జపాన్ సైన్యం ఎప్పటిలాగే చుట్టుతిరిగి వెనక్కి వచ్చింది. సింజ్వేయా అనే చోట గుమాస్తాలు, వంటవాళ్లు, కంచరగాడిదలు తోలేవాళ్లు, డాక్టర్లు ఉన్న స్థావరాన్ని చుట్టుముట్టింది. ఒక రాత్రి వైద్యశిబిరంలోకి చొరబడి రోగుల్నీ డాక్టర్లనూ చంపేసింది. అయినా ఈసారి ఎవరూ వెనక్కి పోలేదు. ఆకాశంలోంచి సరుకు దిగుతూనే ఉంది. మూడు వారాలు తిరగకముందే దాడి విరిగిపోయింది. వెనక్కి తగ్గింది జపాన్ సైన్యం.

మార్చిలో అసలు యుద్ధం మొదలైంది. జనరల్ ముతాగుచి సుమారు 85,000 మందితో చింద్విన్ దాటి ఇంఫాల్, కోహిమాల మీదికి వచ్చాడు. మూడు వారాల తిండి మాత్రమే తెచ్చుకున్నారు. ఇంఫాల్ గోదాములు దొరికితే ఇక తిండికేం లోటు అని ఆయన లెక్క. స్లిమ్ ముందే ఒక నిర్ణయం తీసుకుని ఉన్నాడు. చింద్విన్ దగ్గర ఎదురెళ్లడు. వాళ్లను ఇంఫాల్ దాకా రానిస్తాడు. అప్పుడు వాళ్ల వెనక కొండలు, నది, ముంచుకొచ్చే వర్షాకాలం. తనకు వెనక విమానాలు.

ఆలోచన సరైనదే. అమలులో స్లిమ్ రెండు తప్పులు చేశాడు. ముందుకు వెళ్లి ఉన్న 17వ డివిజన్‌ను వెనక్కి రమ్మని చెప్పడంలో ఆలస్యమైంది, అది పోరాడుకుంటూ బయటపడాల్సి వచ్చింది. కోహిమాకు జపాన్ ఒక రెజిమెంటును మించి పంపలేదనుకున్నాడు. జనరల్ సాటో ఒక పూర్తి డివిజన్‌తో దిగాడు. ఆ కొండమీద ఉన్నది రాయల్ వెస్ట్ కెంట్స్, అస్సాం రెజిమెంట్, అస్సాం రైఫిల్స్ వంటి దళాలు, ఆస్పత్రి మనుషులు, అందరూ కలిసి 2,500 మంది. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటూ ఇటూ కందకాలు తవ్వుకుని, చేతి గ్రెనేడ్లు విసురుకునేంత దగ్గరలో పోరాడారు. ఏప్రిల్ 4 నుంచి రెండు వారాలకు పైగా నిలబెట్టారు. స్లిమ్ ఈ రెండు తప్పుల్నీ తర్వాత రాసిన పుస్తకంలో తన తప్పులుగానే రాశాడు. తన తప్పునుంచి తనను కాపాడింది కింది అధికారుల, సిపాయిల పట్టుదలేనని ఒప్పుకున్నాడు. నాగా ప్రజల సాయాన్ని కృతజ్ఞతతో తలుచుకున్నాడు. వాళ్లు దారులు చూపించారు, గాయపడ్డవాళ్లను మోశారు, శత్రువు కదలికలు చెప్పారు, కొట్టినా చంపినా నోరు విప్పలేదు.

తప్పు తెలియగానే ఏం చేశాడన్నది చూడాలి. అరకాన్‌లో ఉన్న 5వ భారత డివిజన్ మొత్తాన్ని, ఫిరంగులతో కంచరగాడిదలతో సహా, విమానాల్లో ఎక్కించి ఉత్తరానికి తెప్పించాడు. విమానాలు తన దగ్గర చాలవు. చైనాకు సరుకు మోసే విమానాలను సుప్రీం కమాండర్ మౌంట్‌బాటెన్ తన పూచీ మీద మళ్లించి ఇచ్చాడు. ఇంఫాల్ దిగ్బంధం జూన్ 22న వీడింది. ఆకలితో జబ్బులతో జపాన్ సైన్యం అడవిదారుల్లో కుప్పకూలింది. వాళ్లలో 50,000 మందికి పైగా చనిపోవడమో పనికిరాకుండా పోవడమో జరిగింది. అప్పటిదాకా జపాన్ సైన్యం చరిత్రలో అంత పెద్ద ఓటమి లేదు. ఓడింది జపాన్ ధైర్యం కాదు. ఆ ధైర్యం కడదాకా ఉంది. వాళ్ల సేనాని తిండిని లెక్కలో వేసుకోలేదు. మన సేనాని వేసుకున్నాడు.

ఆ ఏడాది డిసెంబరులో వైస్రాయ్ వేవెల్ ఇంఫాల్ వచ్చి స్లిమ్‌కు సర్ బిరుదు ఇచ్చాడు. అప్పటికే స్లిమ్ మనసు ఐరావతి నది మీద ఉంది. జపాన్ కొత్త సేనాని కిమురా నదికి ఇవతల పోరాడకుండా అవతలికి తగ్గాడు. స్లిమ్ పథకం తలకిందులైంది. ఆయన కొద్ది రోజుల్లో ఇంకో పథకం వేశాడు. ఒక కోర్, అంటే కొన్ని డివిజన్ల దళం, మాండలే వైపు వెళుతుంది, అందరికీ కనబడేలా. ఇంకో కోర్‌ను పశ్చిమాన గంగావ్ లోయ గుండా రహస్యంగా దక్షిణానికి నడిపించారు. పాతచోటే ఉందనిపించడానికి ఉత్తరాన ఉత్తుత్తి వైర్‌లెస్ కేంద్రం సందేశాలు పంపుతూనే ఉంది. ఫిబ్రవరి 14న ఆ కోర్ న్యాంగూ దగ్గర ఐరావతి దాటింది. మార్చి మొదటివారంలో ట్యాంకులతో మిక్టీలా పట్టుకుంది. మధ్య బర్మాలో జపాన్ సైన్యానికి సరఫరా ప్రధానంగా ఆ ఊరి మీదుగానే. మార్చి 20న మాండలే దక్కింది. యుద్ధశాస్త్రం చదివేవాళ్లు ఈ మిక్టీలా ఎత్తును తెగ మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ 1943లో మాత్రలు మింగించి, ఇటుకలు కాల్పించి, గోనె పారాచూట్లు కుట్టించి ఉండకపోతే ఆ ఎత్తు కాగితం మీదే ఉండేది. 1945 మే 3న రంగూన్ తిరిగి చేతికి వచ్చింది.

ఇక మనకు ఇబ్బంది కలిగించే సంగతులు కూడా చెప్పుకోవాలి. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం లేచినప్పుడు, దాన్ని అణచడానికి దింపిన సైన్యాల్లో స్లిమ్ కింది దళాలూ ఉన్నాయి. 1943లో ఈ సైన్యం బెంగాల్లో మోహరించి ఉండగానే అక్కడ కరువుతో లక్షలాది జనం చనిపోయారు. ఆ కరువులో సామ్రాజ్యం పాత్ర గురించి చరిత్రకారులు రాసినదంతా మనం చదవాలి. ఇంఫాల్ ముంగిట రెండువైపులా భారతీయులే ఉన్నారు. నేతాజీ పిలుపందుకుని ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరినవాళ్లలో బందీలైన సిపాయిలూ ఉన్నారు, మలయా తోటల్లో చెమటోడ్చిన దక్షిణాది కూలీలూ ఉన్నారు. 1944 ఏప్రిల్ 14న మొయిరాంగ్‌లో వాళ్లు త్రివర్ణ పతాకం ఎగరేశారు. స్లిమ్ తన పుస్తకంలో వాళ్లను చులకనగా రాశాడు. ఆ మాటల్లో నాకు సామ్రాజ్య సేవకుడు కనబడతాడే గాని, మనుషుల మనసు చదివిన కథకుడు కనబడడు. ఆ ఒక్కచోట ఆయన చూపు ఆగిపోయింది. దేశం కోసం ఆ వైపు నిలబడ్డవాడూ, జీతానికో పటాలం పరువుకో ఈ వైపు నిలబడ్డవాడూ ఇద్దరూ మనవాళ్లే. ఒకరిని గౌరవించాలంటే మరొకరిని తక్కువ చేయనక్కర్లేదు.

ఇంకొకటి. యుద్ధం తర్వాత స్లిమ్ బ్రిటిష్ సైన్యానికి అధిపతి అయ్యాడు, ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, 1953 నుంచి ఆస్ట్రేలియాకు గవర్నర్ జనరల్‌గా ఉన్నాడు. 1970లో చనిపోయాడు. ఆయన పోయిన చాలా ఏళ్లకు, ఆస్ట్రేలియాలో బ్రిటన్ నుంచి పంపిన పిల్లల వసతి పాఠశాలలో చదివిన కొందరు, ఆయన అక్కడికి వచ్చినప్పుడు తమతో అసభ్యంగా ప్రవర్తించాడని ఆరోపించారు. కాన్‌బెర్రాలో ఆయన పేరున్న రోడ్డుకు పేరు మార్చారు. జవాబు చెప్పడానికి ఆయన లేడు, న్యాయస్థానంలో తేలే అవకాశమూ లేదు. కానీ ఆ పిల్లలుగా ఉన్నవాళ్ల మాటను పక్కకు తోసి ఆయన కీర్తిని మాత్రమే చెప్పడం నాకు సమ్మతం కాదు. యుద్ధభూమిలో ఆయన చేసింది చేసిందే. ఇది కూడా ఆయన పేరు పక్కన ఉండే మాటే.

ఆయన వదిలి వెళ్లినవాటిలో 1956లో అచ్చయిన పుస్తకం ఒకటి, 'డిఫీట్ ఇంటు విక్టరీ'. సేనానులు రాసుకున్న జ్ఞాపకాల్లో చాలావరకు, తప్పులన్నీ పక్కవాడివి, గెలుపులన్నీ తమవి. ఇందులో తప్పు దగ్గరికి వచ్చేసరికి నేను అన్న మాట కనబడుతుంది, గెలుపు దగ్గరికి వచ్చేసరికి సిపాయిలు, పటాలాల పేర్లు కనబడతాయి. ప్రపంచంలోని సైనిక విద్యాలయాల్లో దాన్ని ఇప్పటికీ చదివిస్తున్నారు. రాజకీయ నాయకులు, కార్యాలయాలు నడిపేవాళ్లు, బడి ప్రధానోపాధ్యాయులు కూడా చదవదగ్గ పుస్తకం అది.

నా దృష్టిలో ఆయన వారసత్వంలో పెద్దది స్వతంత్ర భారత సైన్యం దగ్గరే ఉంది. బర్మా యుద్ధంలోనే భారతీయ అధికారులు పెద్ద ఎత్తున ముందుకు వచ్చారు. 1945లో అరకాన్ తీరాన కాంగా పోరులో ఒకే బ్రిగేడ్‌లో తిమ్మయ్య, థోరట్, ఎల్.పి. సేన్ అనే ముగ్గురు భారతీయులు మూడు బెటాలియన్లు నడిపారు. భారతీయుడు కింద పనిచేయగలడే గాని నడిపించలేడన్న పాత సామ్రాజ్య వాదన అక్కడ మట్టిలో కలిసింది. మూడేళ్లు తిరగకముందే కాశ్మీరు కొండల్లో దేశాన్ని కాపాడాల్సి వచ్చినప్పుడు ముందు నిలబడ్డవాళ్లలో తిమ్మయ్య, సేన్ ఉన్నారు. సిట్టాంగ్ దగ్గర తూటాలు తిన్న మానెక్‌షా 1971లో భారత సైన్యాధిపతి.

రంగూన్‌కు ఉత్తరాన తౌక్యాన్‌లో ఒక యుద్ధ స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని దాదాపు 27,000 మంది పేర్లు అక్కడి రాతి స్తంభాల మీద చెక్కారు. వాళ్లలో ఎక్కువమంది భారత సైన్యానికి చెందినవాళ్లు. ఆ సైన్యాన్ని ఆ రోజుల్లోనే మరిచిపోయిన సైన్యం అనేవారు. ఇంగ్లండు వాళ్లు తమవాళ్లను తర్వాత గుర్తు చేసుకున్నారు. 1990లో లండన్‌లో స్లిమ్‌కు విగ్రహం పెట్టారు. మన సిపాయి పేరు మన ఊళ్లో ఎవరు గుర్తు పెట్టుకున్నారు?

శ్రోతలకు నాదొక మనవి. మీ ఇంట్లో తాతో ముత్తాతో బర్మా యుద్ధంలో చేసి ఉండవచ్చు, రంగూన్ నుంచి నడిచి వచ్చి ఉండవచ్చు, మలయాలో ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరి ఉండవచ్చు. పెట్టె అడుగున ఒక పతకం, ఒక డిశ్చార్జి కాగితం, పటాలం పేరున్న ఒక ఉత్తరం ఇంకా ఉన్నాయేమో చూడండి. ఆయన పేరు, ఊరు, పటాలం, ఎక్కడ పనిచేశాడు, ఎప్పుడు తిరిగొచ్చాడు, ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తున్నంతవరకు రాసి పెట్టండి. ఆ కథ చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉంటే ఈ వారమే కూర్చోబెట్టి అడగండి. కోహిమా, ఇంఫాల్ వెళ్లే అవకాశం ఉంటే అక్కడి యుద్ధ శ్మశానాలకు వెళ్లి మన పటాలాల పేర్లు వెతకండి. రాసినది మీ జిల్లా గ్రంథాలయానికి ఒక ప్రతి ఇవ్వండి.